బెంగళూరు కోసం వచ్చిన పంటినొప్పి

ఆ రోజుల్లో నాకు రెండు జీవితాలుండేవి. మొదటిది ప్రొద్దుటూరులో, మా మేనమామ నడిపే పెండ్లి బ్యాండులో. ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు, నా తలకంటే రెండు సైజులు పెద్దదైన టోపీ (ఊదుతున్నప్పుడు అది కండ్ల మీదికి జారేది, నేను గడ్డం పైకెత్తి ఊదేవాణ్ణి, చూసినవాళ్లు కుర్రవాడికి ఎంత గర్వమో అనుకునేవాళ్లు), చేతిలో ట్రంపెట్. రెండో జీవితం సెల్‌ఫోనులో. జపాన్ వాళ్ల బొమ్మల సీరియళ్లుంటాయి, యానిమే అంటారు. బెంగళూరులో ఇంజనీరింగ్ చదివే మా చిన్నమ్మ కూతురు సెలవులకు వచ్చి అంటించిపోయిన జబ్బు అది. మా అమ్మ వాటిని 'పెద్ద కండ్ల బొమ్మలు' అనేది. "మీసాలొచ్చినోడివి, ఆ బొమ్మలు చూసి ఏడుస్తావేమిరా?" అని అడిగేది. ఏడ్చిన మాట నిజమే గానీ, బొమ్మలను చూసి కాదు.

నేను చూసే ఒక సీరియల్లో ప్రతి భాగం చివర, పేర్లు పైకి పోతున్నప్పుడు, ఒక ట్రంపెట్ వినబడేది. ఒకటిన్నర నిమిషం, అంతే. ఊదేది ఎవరో ఒక జపాన్ ఆవిడ అని ఆ చెల్లెలే కనుక్కుని చెప్పింది. మేమూ ట్రంపెట్ ఊదుతాం, కాదనను. పెండ్లికొడుకు స్నేహితుల కేకలూ టపాకాయల మోతా దాటి వినబడేలా ఊదుతాం. ఆమె మాత్రం పక్క గదిలో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు ఊదేది. మూడో వరసలో ఒక స్వరం పైనుంచి మెల్లగా జారుతూ వచ్చి, దిగాల్సిన చోట దిగకుండా ఒక్క క్షణం ఆగేది. నేను ఏడ్చేది ఆ ఆగడం దగ్గర. నాలుగు నెలలు సాధన చేశాను. స్వరం జారేది గానీ ఆగేది కాదు, బండ మీద సబ్బు జారినట్టు పోయి కింద పడేది. ఆమె పెదవులు ఎట్లా పెడుతుందో, ఊపిరి ఎక్కడ దాచుకుంటుందో ఒక్కసారి కండ్లారా చూస్తే చాలు, వచ్చేస్తుందని నా నమ్మకం. చూద్దామంటే ఎక్కడా ఆమె ముఖం లేదు. పాట వచ్చినప్పుడల్లా తెర మీద బొమ్మలే.

అట్లాంటి సమయంలో, జమ్మలమడుగులో ఒక పెండ్లివారి అరుగు మీద కూర్చుని ఉప్మా తింటుండగా చెల్లెలి ఫోను వచ్చింది.

"అన్నా, నిలబడుండావా, కూర్చోనుండావా?"

"కూర్చోనుండా. ఏమి?"

"ఆమె వస్తాంది."

"ఎవురు?"

"నీ ట్రంపెటామె! బెంగళూరుకు!"

ఉప్మా గొంతులో అడ్డం పడింది. చెల్లెలు చెప్పుకుపోయింది. యానిమే కన్వెన్షనట, రెండు రోజులట, పిల్లలంతా ఆ బొమ్మల మాదిరి వేషాలు వేసుకుని వస్తారట, జపాన్ నుంచి ఇద్దరు పాటగాళ్లు, వాళ్లతో ఈమె. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు ఆమె వాయిద్యం. "టికెట్ నేను తీస్తా. నువ్వు ఊరికే రా, చాలు. వేషం లేకున్నా పర్వాలేదు, మీ బ్యాండు కోటు ఏసుకోని రా, ఏదో బొమ్మ అనుకుంటారు" అంది.

ఆ సాయంత్రం బ్యాండు గదిలో గోడ క్యాలెండరు చూశాను. ఆ ఆదివారం చుట్టూ మామ ఎర్ర పెన్సిలుతో రెండు సున్నాలు చుట్టి ఉన్నాడు. కోయిలకుంట్లలో పెద్ద సేద్యగాళ్ల ఇంటి పెండ్లి. పొద్దున ముహూర్తం, ఆ వెంటనే దంపతులను ఊరంతా తిప్పే మెరవణి. మా బ్యాండులో డోళ్లు మూడు, క్లారినెట్లు రెండు, ట్రంపెట్ ఒక్కటే. ఆ ఒక్కటీ నేనే. నాకు ముందు ట్రంపెట్ ఊదింది మామే. బేతంచెర్లలో ఒక పెండ్లి ఇంటి ముందు కడిగిన పాలిష్ బండల మీద జారి ముందరి పండ్లు నాలుగూ పోగొట్టుకున్నాక, కట్టుడు పండ్లతో ఊపిరి నిలవక, ట్రంపెట్ నా చేతిలో పెట్టి తాను ముందు నడిచి చెయ్యి ఊపే పనిలోకి మారాడు.

ఆ తర్వాత పది రోజులు నేను పడిన అవస్థ చెప్పలేను. పొద్దున లేస్తూనే బెంగళూరు పోవాలని నిశ్చయించుకునేవాణ్ణి. మామ పిలిచి "అల్లుడా, రోంత టీ తాగురా" అనగానే కోయిలకుంట్లకే పోవాలనిపించేది. టీ అయిపోయేసరికి మళ్లీ బెంగళూరు. చివరికి మా పెద్ద డోలు వాయించే చిచ్చాను, నా సంగతని చెప్పకుండా, సలహా అడిగాను. (చిచ్చా మా నాన్నకంటే పెద్ద. బ్యాండులో అందరి కష్టసుఖాలకూ ఆయనే తీర్పరి.)

"ఒక మనిషికి ఒకే రోజు రెండు చోట్ల పని పడింది చిచ్చా. యాడికి పోవల్ల?"

చిచ్చా గడ్డం దువ్వుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. "యాడ బిర్యానీ ఉండాదో ఆడికి పో బేటా."

కోయిలకుంట్లలో సాంబారన్నం. చిచ్చా తీర్పు ప్రకారం బెంగళూరే న్యాయం. కానీ ఆ న్యాయం మామ ముందు పెట్టే ధైర్యం లేక, నాకు పంటినొప్పి వచ్చింది.

ఆ అబద్ధం ఎందుకు ఎంచుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. జ్వరం చెప్పి ఉండవచ్చు, కడుపునొప్పి చెప్పి ఉండవచ్చు. పండ్లు పోగొట్టుకున్న మనిషి దగ్గరికి పోయి, బుగ్గ పట్టుకుని, "మామా, పన్ను పీకుతాంది. బెంగళూరులో చెల్లెలి కాలేజీ పక్కన పెద్ద పండ్లాసుపత్రి ఉండాదంట. పెద్ద డాక్టరు నెలకు ఒక్క ఆదివారమే వస్తాడంట, అది కోయిలకుంట్ల పెండ్లి రోజే పడింది" అన్నాను. మామ ముఖం పాలిపోయింది. నాకు పంటినొప్పి అంటే బ్యాండుకే ప్రాణగండమన్నట్టు అందర్నీ పిలిచాడు. చిచ్చా భార్య లవంగ నూనె పంపింది. క్లారినెట్ అన్న ఉప్పునీళ్లు కాచి తెచ్చాడు. మా అమ్మ నాలుగు రోజులు నాకు రాగి గంజి తప్ప ఏమీ పెట్టలేదు. శుక్రవారం చిచ్చా ఇంట్లో పొట్టేలు కూర వండితే, అందరూ ఎముకలు కొరుకుతుంటే నేను గ్లాసుతో గంజి తాగుతూ, నాకు లేని నొప్పికి నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నాను. "పాపం, ఎంత బాధపడతాండాడో" అని చిచ్చా ఇంకో ముక్క వేసుకున్నాడు.

మరునాడు శనివారం, పెండ్లి ఇంకా ఎనిమిది రోజులుందనగా, మామ నన్ను బ్యాండు గదినుంచే, తలమీది టోపీతోనే, తన కట్టుడు పండ్ల డాక్టరు దగ్గరికి లాక్కుపోయాడు. కుర్చీలో పడుకోబెట్టారు. డాక్టరు ఇనుప పుల్లతో ఒక్కో పన్నూ తడుతూ "ఇదా? ఇదా?" అంటున్నాడు. నా పండ్లన్నీ గుండ్రాళ్లలా ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పకపోతే దొరికిపోతానని, అందరికంటే వెనక దూరంగా కూర్చున్న దవడ పన్ను ఒకటి చూపించాను.

"ఇది గట్టిగానే ఉందే. ఫోటో తీసి చూద్దాం" అన్నాడు డాక్టరు.

మామ నా టోపీ రెండు చేతులతో పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. "సార్, ఇది ముందరి పండ్లకు పాకుతాదా?"

"చెడిపోయి ఉంటే పాకవచ్చు."

"అట్లయితే ఫోటోలేంటికి సార్? ఈ పొద్దే పీకేయండి. వాని ముందరి పండ్లు పోతే వాని బతుకే పాయె. నా మాదిరి అయిపోతాడు సార్ పిల్లోడు."

ఆ చివరి మాట అని మామ నాలుకతో కట్టుడు పండ్లు సర్దుకున్నాడు. నేను కుర్చీలోంచి లేచి కూర్చున్నాను.

"మామా, నొప్పి లేదు."

"భయపడొద్దురా. సూది ఏస్తారు, తెలీదు."

"భయం కాదు మామా. నొప్పే లేదు. నిన్న లేదు, మొన్న లేదు, అసలెప్పుడూ లేదు."

డాక్టరు ఇనుప పుల్ల కింద పెట్టి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. బయటికి వచ్చాం. దారంతా నా టోపీ ఆయన చేతిలోనే ఉంది, ఇవ్వలేదు. బ్యాండు గదిలో కూర్చున్నాక అడిగాడు. అంతా చెప్పాను. కన్వెన్షన్ అంటే ఏమిటో, ఆమె ఎవరో, మూడో వరసలో స్వరం ఎట్లా ఆగుతుందో. తిడతాడని ఎదురుచూశాను. "యాదీ, ఆ పాట ఇనిపీ" అన్నాడు.

ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒకసారి, రెండోసారి. మూడో వరస వచ్చినప్పుడు ఆయన కుడిచేతి మూడు వేళ్లు తొడమీద వాటంతట అవే కదిలాయి. పాట అయిపోయాక ఫోను నా చేతికిచ్చి, "శానా దూరంలో ఊదుతాంది కదరా" అన్నాడు. జపాన్ సంగతి కాదు ఆయన అన్నది, మా ఇద్దరికీ అందని ఆ ఊపిరి సంగతి. తర్వాత అన్నాడు, "పో. వచ్చే ఆదివారం కోయిలకుంట్లలో నేను ఊదుతా."

ఆ వారం రోజులూ నేల మీద నడిచిన గుర్తు లేదు. చెల్లెలు టికెట్ తీసింది. ఉతికిన చొక్కా రెండుసార్లు మళ్లీ ఉతికాను. 'మీరు ఆగే చోట ఎట్లా ఆగుతారు?' అన్నది జపాన్ భాషలో ఎట్లా అడగాలో ఫోను చూసి బట్టీపట్టాను. (మా వీధి కుక్క మీద ప్రయోగించాను. అది లేచి వెళ్లిపోయింది.)

శుక్రవారం పొద్దున బ్యాండు గదికి పోయాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మామ ఒక్కడే ట్రంపెట్ సాధన చేస్తున్నాడు. పెండ్లిలో తాళి కట్టేటప్పుడు మేమెప్పుడూ ఊదే చిన్న వరస, నాకు మొదట నేర్పింది అదే. పై స్వరం దగ్గర పండ్ల సందుల్లోంచి గాలి బుస్సుమని పోతోంది. ఆపుతాడు, తుండుగుడ్డతో మూతి తుడుచుకుంటాడు, బొటనవేలితో పండ్లు పైకి నొక్కుకుంటాడు, మళ్లీ మొదటి నుంచి. ఏడెనిమిది సార్లు విన్నాను. ఒక్కసారీ పైకి అందలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లోపలికి పోయాను.

"మామా, నేను పోను. అది రద్దయిపోయిందంట."

మామ ట్రంపెట్ దించి నా వైపు చూశాడు. "ఈసారి ఏ డాక్టరు కాడికి పోదాం?" అన్నాడు.

చెప్పులు కింద పెట్టి చెయ్యి చాపాను. ఆయన మళ్లీ పొమ్మనలేదు. మూతి తగిలిన చోటును తన పంచెతో బాగా తుడిచి ట్రంపెట్ నాకిచ్చాడు. ఆ రోజు నేను చాలా గొప్ప త్యాగం చేశాననుకున్నాను. ఇంటికి పోయి, దుప్పటి ముసుగు పెట్టి, గొప్ప త్యాగం చేసినవాడు ఎంత ఏడవాలో అంతా ఏడ్చాను.

ఆదివారం కోయిలకుంట్లలో మెరవణి. ఎండ నడినెత్తిన ఉంది. పూలు కట్టిన జీపులో కొత్త దంపతులు, ముందు మేము. బజారు మలుపులో జీపు ఆగింది, పెండ్లికొడుకు స్నేహితులు ఎగరడానికి. మామ వాచీ చూసుకుని నా పక్కకు వచ్చాడు. "ఒరేయ్, ఇప్పుడే కదా ఆడ ఆమె ఊదేది?"

"ఆఁ మామా."

"ఈడ నువ్వు ఊదు."

ఊదాను. చిచ్చాకు ఆ పాటకు ఏ దెబ్బ వేయాలో తెలియక అలవాటైన దెబ్బే వేశాడు. ఎగరాల్సిన కుర్రవాళ్లు కొంచెంసేపు ఒకరి ముఖాలొకరు చూసుకుని, ఇక ఎగరక తప్పదని ఎగిరారు. మూడో వరస వచ్చింది. స్వరం జారింది, పడింది. అప్పుడు జీపులో, అంతవరకూ తల వంచుకుని పూల కింద కనబడకుండా కూర్చున్న పెండ్లికూతురు తలెత్తింది. సూటిగా నన్నే చూస్తూ చెయ్యి ఊపి పిలిచింది. ఏదో తప్పు జరిగిందని మామ కూడా నా వెంట వచ్చాడు.

"ఆ పాట నీకెట్లా తెల్సు?" అంది.

"చూస్తానమ్మా ఆ సీరియలు."

"మూడో వరస తప్పు పోయింది."

"తెల్సమ్మా. ఆమె ఊదేది చూసి నేర్చుకుందామనే అనుకుంటి. ఈ పొద్దు బెంగళూరుకు వచ్చింది ఆమె."

"తెల్సు. మల్ల నువ్వు పోలేదేమి?"

"మీ పెండ్లి కదమ్మా."

తలంబ్రాల బియ్యపు గింజ ఒకటి ఆ అమ్మాయి కనుబొమ మీద ఇంకా అంటుకునే ఉంది. "నేనూ అందుకే పోలేదు" అంది.

ఇద్దరం నవ్వాం. పెండ్లికొడుకు ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూసి, అర్థం కాకపోయినా మర్యాదకు తానూ నవ్వాడు (మంచివాడు, ఆ నవ్వు నాకు నచ్చింది). వెనకనుంచి ఎవరో పెద్దావిడ "ఏమి కావల్లంట పిల్లకు?" అని కేకేసింది. "ఆ పాట ఇంగోసారి అంట" అన్నాడు మామ. ఇంకోసారి ఊదాను. స్వరం మళ్లీ పడింది. ఆమె జీపులోంచి తల అడ్డంగా ఊపింది.

చెల్లెలు ఆ పొద్దు కార్యక్రమమంతా ఫోనులో తీసి పంపింది. ముందు వరసలో నీలం రంగు జుట్టు పెట్టుకున్న ఒకడు మొదటినుంచి చివరిదాకా అడ్డం నిలబడి ఉన్నాడు. ట్రంపెట్ కొస మాత్రం వాడి చెవి పక్కన తళుక్కుమంటూ కనబడుతుంది. మిగిలినదంతా జనం కేకలు. ఆమె ముఖం ఇప్పటికీ చూడలేదు.

ఇప్పుడు బ్యాండు నేనే నడుపుతున్నాను. బెంగళూరులో ఆ కన్వెన్షన్ ఏటా జరుగుతూనే ఉంటుంది. వచ్చే పాటగాళ్ల పేర్లు బయటపెట్టిన రోజు చెల్లెలు పంపుతుంది, నేను కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదువుతాను. మొన్న చదువుతుంటే మా ఆవిడ వచ్చి, "పొద్దున్నుంచి ఏమి ఎతుకుతాండావు దాంట్లో?" అంది.

"తెల్సిన మనిషి పేరు ఉంటాదేమోనని."

"ఉండాదా?"

"లేదు. మల్ల వచ్చే ఏడు చూస్తాలే" అన్నాను. తెలిసిన మనిషట! ఆ మాట ఎంత ధీమాగా అన్నానో తలుచుకుని, ఫోను పక్కన పెట్టి, చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను.