గడప మీద నిమ్మచెక్కలు

మా హైమావతి పిన్నికి భయం పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్న ఆస్తి. భీమవరం వైపు నుంచి పటాన్‌చెరుకు కాపురానికి వచ్చాక అది ఇంకాస్త పెరిగింది. అక్కడ కార్ఖానాలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. నరసరాజు బాబాయికి ఫిట్టరు పని, షిఫ్టుల బతుకు. ఇంటి వెనక జొన్నచేలు, వాటిలో పాములు. సైరను మోగితే ఉలిక్కిపడే మనిషి ఒంటరిగా ఎలా ఉంటుంది? అందుకే సుబ్బులు అనే పిల్లిని పెంచుకుంది. అది ఒళ్లో ఉంటే ఆవిడకు ధైర్యం. నన్నడిగితే ఆ పిల్లీ పిరికిదే.

ఇంటి యజమాని దేవమ్మది పాత రైతు కుటుంబం. పిన్నివాళ్లది పక్క వాటా. దేవమ్మ గుమ్మానికి మామగారు చేయించిన టేకు ద్వారబంధం ఉండేది, అక్కడి మాటలో దర్వాజ. శుక్రవారం వస్తే పసుపు రాసి బొట్లు పెట్టేది. గోళ్లు గీరుకోవడానికి సుబ్బులుకి ఊరు మొత్తంలో అదొక్కటే నచ్చింది.

“దర్వాజంటే ఇంటి లచ్చిమి, హైమమ్మా. ఇంకోపారి గీకిందంటే సంచిల ఏస్కపోయి ముత్తంగి అవుతల ఇడిసి రమ్మంట మా యాదన్నకు. మీరు గూడ ఇంకో ఇల్లు సూస్కోండ్రి” అంది దేవమ్మ. యాదన్న ఆవిడ కొడుకు, అన్నంత పనీ చేసే మనిషి.

పిన్నికి అన్నం సహించలేదు. పిల్లిని కొట్టబోయింది గానీ చెయ్యి రాలేదు. “గీరకుండా పిల్లి ఉంటుందటే? మనం ఒళ్లు విరుచుకోమూ!” అని నవ్వేసి బాబాయి డ్యూటీకి పోయాడు. మగవాళ్లకి నవ్వడం తేలిక.

ఒకరోజు పులిహోరలోకి నిమ్మకాయ పిండుతుంటే, ఆ వాసనకి సుబ్బులు తల విదిలించి పారిపోయింది. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. దేవమ్మ తలుపు వేసుకున్నాక, సందెచీకట్లో దర్వాజకి నిమ్మరసం రాసి, చెక్కలు గడప మీద పెట్టి, గట్టిగా పనిచెయ్యాలని వాటి మీద ఎర్రగా కారం జల్లింది. నిమ్మకాయని గడప మీద చూస్తే మా వైపు వాళ్లూ హడలిపోతారు. అన్నిటికీ భయపడే మనిషికి ఆ ఒక్క భయం ఆ పూట గుర్తు రాలేదు.

తెల్లారి తలుపు తీసిన దేవమ్మ కేక వీధి చివరి దాకా వినిపించింది. యాదన్న కూతురు అప్పటికే జ్వరంతో మూసిన కన్ను తెరవడం లేదు. “బాణామతి! నా మన్మరాలికి బాణామతి చేసిండ్రు!” చేతబడి మాట వినగానే వాకిలి నిండా జనం చేరారు. పశువులకి పసరుమందులిచ్చే ముసలి కొమురయ్యకీ దేవమ్మకీ పొలం గట్టు దగ్గర తగాదా ఉంది. ఎవరో అతని పేరు ఎత్తారు. అంతే, చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చారు.

“నాకేం ఎర్కలేదు బిడ్డా” అంటున్నాడు కొమురయ్య. యాదన్న చేతిలో కర్ర.

పిన్ని తలుపు సందులోంచి చూస్తోంది. చెబితే పిల్లి సంచిలోకి, తాము వీధిలోకి. అంతటితో పోతే మంచిదే. పెట్టింది ఎవరైతే వాళ్లనే కదా కొడతారు! కర్ర లేచింది. ఎలా వచ్చిపడిందో తెలియదు, పిన్ని వాకిట్లో ఉంది.

“ఆగండి! నేనే పెట్టాను. పిల్లి గీరకుండా పెట్టాను.”

“ఏంది? పిల్లికి నిమ్మకాయనా?” అన్నారెవరో. “గీమె గూడ ముసలోనితోని కలిసిందేమో!”

ముఖాలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. ఆ చూపులు చచ్చేదాకా మరచిపోలేదు మా పిన్ని. ఏం చెప్పినా నమ్మరని తెలిసిపోయింది. వంగి, గడప మీది నిమ్మచెక్క తీసి, కారంతో సహా నోట్లో పెట్టుకుని నమిలింది. జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. రెండోదీ నమిలింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. “పులిహోరకి కొన్న కాయలండీ, దేవమ్మగారూ” అంది దగ్గుతూ.

దేవమ్మ గుమ్మం దగ్గరికి నడిచింది. దర్వాజని తడిమి వేలు వాసన చూసుకుంది.

“యాదన్నా, గోనెసంచి తే.”

పిన్ని లోపలికి పరుగెత్తి సుబ్బుల్ని గుండెకి అదుముకుంది. దేవమ్మ వెనకాలే వచ్చింది. వచ్చి, ఆ సంచిని పిన్ని వాటా అరుగు స్తంభానికి బిగించి కట్టింది.

“గిక్కడ గీకుమను. నీ పిల్లి గీకింది కట్టెనే గద. మేం మనిషినే సంపుతుంటిమి” అంది.

కొమురయ్య ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. చొక్కా చిరిగింది. “నేనిగ పోవచ్చునా బిడ్డా?” అని యాదన్నని అడిగాడు.

పాప జ్వరం దానంతటదే తగ్గింది. సుబ్బులు ఆ గోనెని పీలికలు చేసింది, దేవమ్మ ఇంకోటి కట్టించింది. కొమురయ్య మాత్రం మళ్లీ ఆ వీధిన నడవలేదు. పాములున్నా సరే, జొన్నచేల వెనక నుంచే చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాడు. అతను కనబడ్డప్పుడల్లా పిన్ని వంటింటి కిటికీ మూసేసుకునేది.