ఇద్దరికి సరిపోయే టెంటు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ పని చేసినా ఎనిమిది మందికి చేసేవాళ్లం. కాఫీ ఎనిమిది గ్లాసులు, సినిమాకి ఎనిమిది టిక్కెట్లు, ఒకరికి జలుబు చేస్తే ఎనిమిది మందికీ మిరియాల చారు. రాజమండ్రిలో మా అత్తవారిల్లు మరీ చిన్నదేమీ కాదు గానీ, అందులో ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే చోటు మాత్రం ఉండేది కాదు. అత్తగారు, మామగారు, మేమిద్దరం. రెండు వీధుల అవతల కాపురం ఉంటూ భర్తతో, ఇద్దరు పిల్లలతో రోజూ భోజనానికి ఇక్కడికే వచ్చే మా ఆయన అక్కగారు, అంటే నేను వదిన అని పిలిచే మనిషి. పెళ్లయి ఏడాదిన్నరైనా మా ఆయనా నేనూ ఒంటరిగా మాట్లాడుకున్నదంతా స్కూటరు మీదే. బ్యాంకుకి వెళ్తూ నన్ను కాలేజీ దగ్గర దింపడానికి పన్నెండు నిమిషాలు పట్టేది. హెల్మెట్ పెట్టుకున్న మనిషికి వెనకనుంచి చెప్పిన మాట సగమే వినబడుతుంది. (మిగిలిన సగం ఆయన ఊహించుకునేవారు. ఊహించుకున్నదానికే జవాబు చెప్పేవారు.) ఆయన పోయి రెండేళ్లయింది. మొన్న మా కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయి, "సెలవులకి ఇంటిల్లిపాదీ క్యాంపింగ్‌కి వెళ్తున్నాం మేడమ్, టెంటు ఎలాంటిది కొనాలంటారు?" అని అడిగితే చాలా రోజుల తర్వాత నాకు గట్టిగా నవ్వొచ్చింది. ఆ అమ్మాయి కంగారుపడింది కూడా.

మా ఆయనకి టెంటు పిచ్చి పట్టింది బ్యాంకులో. తోటి ఉద్యోగి ఎవరో మారేడుమిల్లి వెళ్లి, భార్యతో రెండు రోజులు టెంటులో ఉండి వచ్చి ఫోటోలు చూపించాడట. ఆ సాయంత్రం నుంచి మూడు వారాల పాటు ఆయన ఫోనులో టెంట్ల గురించి చదివారు. గుడ్డ నీరు పీల్చకూడదు. అడుగు పట్టా గోడలతో కలిపి కుట్టి ఉండాలి. కిటికీలకు వల ఉండాలి. పై కప్పు రెండు పొరలుగా ఉంటే లోపల చెమ్మ పట్టదు. లోన్ల ఫైళ్లు కూడా ఆయన అంత శ్రద్ధగా చదివి ఉండరు. ఒక రోజు స్కూటరు మీద, "టెంటు మీద ఎంతమందికని రాస్తే అందులోంచి ఒకరిని తీసెయ్యాలోయ్. నలుగురికని రాస్తే ముగ్గురికన్నమాట. అందుకని ముగ్గురికని రాసింది తీసుకుంటే మనిద్దరికీ సరిగ్గా సరిపోతుంది" అన్నారు. ఆ మాట మాత్రం నాకు పూర్తిగా వినబడింది. ఆ రోజు క్లాసులో ఒకే పాఠం రెండుసార్లు చెప్పాను.

ఆయన చేసిన పొరపాటు ఒకటే. భోజనాల దగ్గర అందరి ముందూ, "కార్తీకమాసంలో వానలు తగ్గుతాయి కదా, రెండు రోజులు అడవిలో చెట్ల కింద ఉండి వద్దామనుకుంటున్నాం" అన్నారు. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన మనిషి అనవలసిన మాట కాదది. మా ఇంట్లో కార్తీకమాసం, చెట్లు అనే రెండు మాటలు ఒకే వాక్యంలో వస్తే దానికి ఒకటే అర్థం, వనభోజనాలు. మా అత్తగారు వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టేశారు.

"ఇన్నాళ్లకి నీకు మంచి బుద్ధి పుట్టిందిరా! అక్కడ ఉసిరిచెట్టు ఉందా?"

"ఇది వనభోజనం కాదమ్మా. క్యాంపింగు."

"పేరేదైతే ఏంటిరా, తినేది చెట్టు కిందే కదా. పనసపొట్టు నేను కొట్టించుకొస్తాను. తణుకులో మీ పిన్నివాళ్లకి ఫోన్ చెయ్యి, లేకపోతే మనసు కష్టపెట్టుకుంటారు."

టెంటు మాత్రం ముగ్గురికని రాసిందే వచ్చింది, ఒక ఆదివారం పొద్దున్న. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు కాబట్టి ముందు డాబా మీద వేసి చూద్దామన్నారు ఆయన, రహస్యంగా. డాబా మెట్లు వంటింటి కిటికీ పక్కనుంచే వెళ్తాయన్న సంగతి, ఆ ఇంట్లోనే పుట్టిన మనిషికి ఆ పూట గుర్తు రాలేదు. సిమెంటులో మేకులు దిగవు కనక ఒక తాడు రుబ్బురోలు పొత్రానికి, ఒకటి ఖాళీ గ్యాస్ బండకి, మిగిలిన రెండూ నీళ్లు నింపిన బిందెలకి కట్టాం. నారింజరంగు టెంటు నిలబడింది. ఇద్దరం లోపలికి దూరి అర నిమిషం కూర్చున్నాం. ఆయన ఏదో చెప్పబోయారు. ఇంతలో జిప్పు తెరుచుకుని అందులోంచి మా అత్తగారి మొహం వచ్చింది. "ఏంట్రా ఇది, దోమతెరా?" అన్నారు. ఆవిడ వెనక మామగారు, ఆయన వెనక వదిన సంసారమంతా.

మామగారు కాలవల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ముందు దిక్కులు చూశారు. "గుమ్మం దక్షిణానికి పెట్టావేంట్రా?" అన్నారు. తాళ్లు విప్పి, టెంటుని నలుగురం నాలుగు వైపులా పట్టుకుని ఎత్తి తూర్పుకి తిప్పాం. తూర్పున వాటర్ ట్యాంకు అడ్డం వచ్చిందని ఉత్తరానికి తిప్పాం. (వాస్తు కుదరకపోతే ఇల్లు ఎత్తి తిప్పగలగడం మా వంశంలో అదే మొదటిసారి.) అత్తగారు వంగి లోపల జానలతో కొలిచి, "ఒక్క విస్తరి వేస్తే నిండిపోతుంది. వడ్డించేవాళ్లు ఎక్కడ నిలబడాలి? బంతికి పదిమందైనా పట్టకపోతే అదేం టెంటు?" అన్నారు. వదిన అందుకుంది. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావగారు ఇందులో పడుకుంటే కాళ్లు పక్క జిల్లాలో ఉంటాయిరా."

ఆయన అందరినీ ఒకసారి చూసి, చివరికి నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. ఇది చాలా, పెద్దది చూడమంటావా?" అన్నారు. నేను "ఇది చాలండీ" అంటే సరిపోయేది. వాళ్లమ్మకి ఒక్కరే ఎదురు చెప్పలేరు గానీ, నేను తోడుంటే చెప్పగలిగేవారు. మారేడుమిల్లి, రెండు రోజులు, మేమిద్దరం, అన్నీ ఆ ఒక్క మాట మీద ఉన్నాయి. నాకు అది తెలుసు. తెలిసే, "అందరం వెళ్తేనే కదండీ బావుంటుంది" అన్నాను. అత్తగారు నా భుజం తట్టారు. "మా మరదలు బంగారం" అంది వదిన. అంత మంచి పేరు నాకు అంతకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. ఆయన "సరే" అని కూర్చుని మేకుల సంచీ మూతి కట్టారు. మర్నాడు స్కూటరు మీద పన్నెండు నిమిషాలూ రోడ్డు చప్పుడే విన్నాను.

పెద్ద టెంటు కోసం మెయిన్ రోడ్డులో టెంట్ హౌస్‌కి వెళ్లాం. ఆ షాపాయన పుస్తకం తెరిచి, "ఆయ్, పెళ్లాండి? పెద్దకార్యమాండి?" అని అడిగాడు.

"క్యాంపింగండి" అన్నారు మా ఆయన, నీరసంగా.

"ఆయ్, అలాగేనండి. కుర్చీలెన్నండి?"

(రెండేళ్ల క్రితం ఆ షాపాయనే మా వీధిగుమ్మం ముందు షామియానా వేయించాడు. అప్పుడేమీ అడగలేదు.)

మారేడుమిల్లి దూరమని, పైగా చీకటిపడితే తోటల్లో పురుగూ పుట్రా ఉంటాయని, క్యాంపింగు చివరికి పోలవరం వైపు గోదావరి గట్టున ఒక తెలిసినవారి మామిడితోటకి, పొద్దుటినుంచి సాయంత్రానికి కుదించుకుపోయింది. అక్కడ ఒక ఉసిరిచెట్టు ఉండడం మా అత్తగారి తపఃఫలం. తణుకు నుంచి రెండు కార్లలో వచ్చినవాళ్లతో కలిపి ఇరవై ముగ్గురం అయ్యాం. ఎర్రా తెల్లా చారల షామియానా లేచింది. ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా మామగారు దాని చుట్టూ కాలవ తవ్వించారు. "వాన రాదు నాన్నగారూ" అంటే, "రాకపోతే సంతోషం. కాలవ ఉంటే నష్టమేంటి?" అన్నారు. నష్టం పన్నెండింటికి తెలిసింది. తణుకు పిన్నత్తగారు గుమ్మడికాయ దప్పళం గిన్నెతో సహా అందులో కాలు వేశారు. ఆవిడకి ఏమీ కాలేదు. దప్పళం చక్కగా కాలవ వెంట పారింది, వాటం సరిగ్గా ఉందని మామగారు సంతోషించారు. మా నారింజరంగు టెంటుని, కొన్న పాపానికి ఒక పక్కగా వేశాం. భోజనాలయ్యాక మామగారు అందులో దూరి నిద్రపోయారు. ఆయన గురక పెట్టినప్పుడల్లా అది ఉబ్బి తగ్గుతుంటే మా ఆయన దూరంగా నిలబడి చూశారు.

మూడు గంటలకి తణుకు కార్లు వెళ్లిపోయాయి. ఇంక మేము వచ్చిన వ్యాను ఒక్కటే మిగిలింది. మనుషులూ, వంట సామానూ ఒక విడత, షామియానా గుడ్డా, కర్రలూ, కుర్చీలూ రెండో విడత అనుకున్నాం. వ్యాను రాజమండ్రి వెళ్లి రావాలంటే రెండు గంటలు పడుతుంది. సామాను దగ్గర ఎవరుంటారన్న మాట వచ్చింది.

"నేనుంటాను" అన్నారు మామగారు.

అత్తగారు ఆయన వైపు చూడనైనా చూడకుండా, "మీకు బీపీ మాత్ర వేళయింది, ఎక్కండి. వీళ్లిద్దరూ ఉంటారు" అన్నారు. ఆవిడ తెలిసి అన్నారో, ఊరికే అన్నారో నేను ఎప్పుడూ అడగలేదు.

వ్యాను మలుపు తిరిగాక తోట ఒక్కసారిగా పెద్దదైపోయింది. చుట్టచుట్టిన షామియానా మీద ఇద్దరం కూర్చున్నాం. ఆయన తలకి హెల్మెట్ లేదు. చేతులకి పని ఉంటే మేలని టెంటు మడవడం మొదలుపెట్టాం. వచ్చినప్పుడు ఏ సంచీలో ఉందో ఆ సంచీలోకి అది మళ్లీ పోదు. ఎటు మడిచినా ఒక చెయ్యో కాలో బయట ఉన్నట్టే ఉంటుంది.

"ఆ రోజు డాబా మీద అలా ఎందుకన్నావు?" అన్నారు ఆయన, టెంటు మీద మోకాలు పెట్టి గాలి తీస్తూ.

"మంచిదాన్ననిపించుకుందామని."

"అనిపించుకున్నావు కదా. ఇరవై ముగ్గురి చేత."

"మీ అమ్మగారితో చెప్పనంటే ఇంకోటి చెప్తాను. నాకు పనసపొట్టు కూర పడదు."

ఆయన మోకాలు తీసేశారు. టెంటు మళ్లీ ఉబ్బింది. "ఏడాదిన్నరగా మారు వడ్డించుకుని తింటున్నావు కదోయ్!"

"వడ్డిస్తున్నారు. తింటున్నాను."

ఆయన నవ్వి నవ్వి కూలబడ్డారు. ఆయన అంతలా నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి. తర్వాత ఆయన కూడా చెప్పారు. బ్యాంకు పరీక్ష రెండుసార్లు తప్పారట. గోదావరి పక్కనే పుట్టి ఈత రాదట. పెళ్లిచూపుల్లో నన్ను అడగాలని నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, ఆ కాగితం ఇంట్లో మరిచిపోయారట. ఏం ప్రశ్నలని అడిగితే ఒక్కొక్కటే అడిగారు. ఒక్కొక్కటే జవాబు చెప్పాను. నాలుగో ప్రశ్న అయ్యేసరికి టెంటు ఎలాగో సంచీలో పట్టింది. తాడు బిగించి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడే వ్యాను వచ్చింది. మేము అనుకున్నదానికంటే చాలా ముందు వచ్చినట్టనిపించింది. డ్రైవరు దిగి వెనక తలుపు తీస్తూ, "అయిపోయిందా అండి? ఎక్కించేద్దామా అండి?" అని కేకేశాడు.

మా ఆయన వెంటనే, "ఇంకా టెంటు మడవలేదండి. మీరు ఊళ్లోకెళ్లి టీ తాగి నెమ్మదిగా రండి" అన్నారు.

పొద్దున్న లేస్తే పిల్లలకి నిజాయితీ గురించి చెప్పేదాన్ని. ఆ అబద్ధాన్ని అలా వదిలేయడం నాకు న్యాయంగా అనిపించలేదు. తాడు విప్పి, సంచీ తలకిందులు చేసి, టెంటుని మొత్తం నేల మీదకి దులిపేశాను. డ్రైవరు ఇటు తిరిగి చూసి, "ఆయ్, దీనికి టైం పట్టుద్దండి" అని వెళ్లిపోయాడు.

మేము దాన్ని మడవలేదు. దాని మీదే కూర్చున్నాం. ఆ తర్వాత ఆయనతో పదకొండేళ్లున్నాను. ఇద్దరం చాలా ఊళ్లు తిరిగాం, మారేడుమిల్లి కూడా వెళ్లాం, హోటల్లో ఉన్నాం. అయినా ఇప్పుడు తీరిక దొరికితే నేను చూసేది ఆ పాతికేళ్ల అమ్మాయినే. అందరి దగ్గరా మంచిపేరు కోసం వెంపర్లాడిన ఆ పిరికిది, ఒక్క పావుగంట కోసం అంత ధీమాగా సంచీ ఎలా తిరగేసిందా అని ఆశ్చర్యపోతుంటాను. ఆమెని చూస్తే ముచ్చటేస్తుంది. ఆ పావుగంటలో ఆయన ఏమన్నారో ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పను.