బావ నెత్తి, కోటప్పకొండ ప్రభ

మా బావ పున్నారావు జీవిత చరిత్ర తెలుసుకోవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. ఆయన జుట్టు పక్కకి తీసి చూస్తే చాలు.

నుదుటి పైనున్న మచ్చ చిన్నప్పటిది. మేడ మీద గాలిపటం ఎగరేస్తూ, పిట్టగోడ లేదన్న సంగతి మర్చిపోయి వెనక్కి నడిచాడు. కింద గడ్డివాము ఉండబట్టి బతికాడు గానీ, దాని మీంచి బోర్లా దొర్లి నుదురు రాయికి కొట్టుకుంది. ఎడమ చెవి పైది పెళ్ళైన కొత్తలోది. బాత్రూమ్‌లో సబ్బునీళ్ళ మీద జారి కుళాయికి గుద్దుకున్నాడు. మా అక్క నాగేంద్రమ్మ ఆ నున్నటి బండలు పీకించి గరుకు బండలు వేయించేదాకా ఊరుకోలేదు. నడినెత్తి మీదది నిచ్చెనది. మోటార్లు బాగుచేసే మనిషి కదా, కింద ఎవరూ పట్టుకోకుండానే నీళ్ళ ట్యాంకు ఎక్కాడు. దిగేటప్పుడు నిచ్చెన కంటే ముందు ఆయనే దిగాడు. అప్పట్నుంచి అక్క పట్టుకోనిదే నిచ్చెన ఎక్కితే ఒట్టు. దెబ్బ తగిలితే గానీ బుద్ధి రాదు మా బావకి, వచ్చిన బుద్ధి కూడా ఆ ఒక్క దెబ్బ వరకే!

నిరుడు నరసరావుపేట నుంచి వస్తూ బండి మీద నుంచి పడ్డాడు. హెల్మెట్ లేకేం, ఉంది. దాన్ని హ్యాండిల్‌కి తగిలించి అందులో కోడిగుడ్లు పెట్టుకుని వస్తున్నాడు మహానుభావుడు! హెల్మెట్ మీద గీత కూడా పడలేదు. గుడ్లు కూడా చాలావరకు బాగానే ఉన్నాయి. పగిలింది బావ తల. డాక్టరు తల వెనక కుట్లు వేసి, "కనిపెట్టుకుని ఉండండి. వాంతులైనా, మగతగా ఉన్నా వెంటనే తీసుకురండి" అని చెప్పాడు. తర్వాత అక్కని పక్కకి పిలిచి, "ఈ తలకి ఇంకో దెబ్బ తగిలితే కుట్లతో పోదమ్మా" అన్నాడు.

ఇంతలో శివరాత్రి వచ్చింది. నకరికల్లు పక్కనున్న మా ఊరి నుంచి ఏటా కోటప్పకొండకి ప్రభ వెళ్తుంది. కర్రలతో రెండు మేడలంత ఎత్తు కట్టి, రంగుబట్టలు చుట్టి, ట్రాక్టరుతో లాక్కెళ్తాం. దారిలో కరెంటు ఆపేస్తారు గానీ టీవీ కేబుళ్ళు, ఇంటర్నెట్ తీగలు అడ్డమొస్తూనే ఉంటాయి. ప్రభ పైకెక్కి, పంగలకర్రతో వాటిని ఎత్తి దాటించేది మా బావే. అంతకు ముందు వాళ్ళ నాన్న చేశాడు. ఊళ్ళో ఆయన పరువంతా ఆ కర్ర మీదే ఉంది.

"ఈసారి ఎక్కావంటే చూడు," అంది అక్క.

"ఏందే నీ గోల! మా నాయనెక్కాడు, నేనూ ఎక్కుతా."

"మీ నాయన నెత్తి నీ నెత్తిలా అతుకుల బొంత కాదు!"

బావ అలిగి అన్నం మానేశాడు. చివరికి అక్కే దిగొచ్చింది.

"సరే, ఎక్కు. నడుముకి తాడు, నెత్తికి హెల్మెట్. రెండూ ఉంటేనే."

"శివయ్య ప్రభ మీద హెల్మెట్టా? ఊరంతా పడీపడీ నవ్వుద్ది!"

అక్క హెల్మెట్‌కి బంగారు రంగు కాగితం అంటించింది. మూడు విభూతి రేఖలు దిద్దింది. చామంతుల దండ చుట్టింది. ప్రభకి పూజ చేసేటప్పుడు దాన్నీ పక్కన పెట్టి, పసుపు కుంకుమ చల్లి హారతిచ్చింది. అది కిరీటంలా మెరిసిపోతుంటే నాకే పెట్టుకోవాలనిపించింది. బావ మాత్రం లెంపలేసుకుని, దానికి దణ్ణం పెట్టి వెనక్కి జరిగాడు.

"పూజ చేశాక ఇది దేవుడి సొత్తే. నా చెమట నెత్తిన ఎట్టా పెట్టుకునేది? అపచారం!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "కోడిగుడ్లు పెట్టినప్పుడు లేని అపచారం ఇప్పుడొచ్చిందా బావా?" అన్నాను.

అక్క నవ్వింది. "గుళ్ళో శఠగోపం నెత్తిన పెట్టించుకోవా? ఇదీ అంతే. వంచు తల."

పాపం, బావ ఇక తప్పక తల వంచాడు. అక్క హెల్మెట్ పెట్టి గడ్డం కింద పట్టీ టక్కున బిగించింది.

ప్రభ కదిలింది. డప్పులు, ఈలలు, మైకులో పాటలు! కుర్రాళ్ళు "కిరీటం బాబాయ్!" అని ఒకటే కేకలు. బావ సిగ్గు ఊరి పొలిమేర కూడా దాటలేదు. పైనుంచి చేతులూపుతూ మహారాజులా వెలిగిపోయాడు. మేమంతా ట్రాక్టరు చుట్టూ చిందులే చిందులు. కొంగు బిగించి అక్క కూడా ఆడింది.

మలుపు దగ్గర ఒక కేబులు ప్రభ కొసకి చిక్కుకుంది. బావ పంగలకర్ర ఎత్తేలోపే కొసనున్న వెదురుబొంగు ఫెళ్ళున విరిగి ఆయన నెత్తిన పడింది. ఆ చప్పుడు డప్పుల్లో కూడా వినిపించింది. కాళ్ళు పట్టుతప్పి బావ నడుము తాడుకి వేలాడాడు. డప్పులు ఆగిపోయాయి.

అక్క మైకు లాక్కుంది.

"ఏవయ్యా! ఉన్నావా? పలుకు!"

పైన ఒక చెయ్యి మెల్లగా లేచి హెల్మెట్ మీద టకటకా కొట్టింది.

"ఉన్నానే! అరవమాక, చెవులు గింగురుమంటన్నాయ్!"

జనం ఒక్కసారిగా ఈలలేశారు. బావని కిందికి దించారు. చామంతులు నలిగిపోయాయి. బంగారు కాగితం చిరిగింది. హెల్మెట్ నడిమికి బీటలిచ్చింది.

"ఆటో పిలవండి, డాక్టరుకి చూపించాల," అని అరిచింది అక్క. ఆటో వచ్చేలోపు పట్టీ విప్పి, బావ తల ఒళ్ళో పెట్టుకుని, జుట్టు పాయలు పాయలుగా తీసి వెతికింది. గాలిపటం మచ్చ, బాత్రూమ్ మచ్చ, నిచ్చెన మచ్చ, వెనకాల కోడిగుడ్ల మచ్చ. మళ్ళీ మొదట్నుంచి వెతికింది.

"అన్నీ పాతయ్యే కవితా," అంది నాతో. అని, నడిరోడ్డు మీద అంత జనంలో, నవ్వుతూనే బావురుమంది.