సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నవాళ్ళు

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో మేం నలుగురం బాపట్లలో ఇంజనీరింగు చదివేవాళ్ళం. హాస్టల్లో ఉండే స్తోమత ఎవరికీ లేదు. పొద్దున పాసింజరులో వెళ్ళడం, సాయంత్రం పాసింజరులో రావడం. నేనూ, మా మాస్టారూ తెనాలిలో ఎక్కేవాళ్ళం. రేపల్లె నుంచి వచ్చే అమ్మాయి తెనాలిలో బండి దిగి, వంతెన ఎక్కి దిగి, పరుగున మా పెట్టెలోకి వచ్చేది. ఆమె కోసం కిటికీ పక్కన నా సంచీ పెట్టి ఉంచేవాణ్ణి. నాలుగోవాడు దారిలో నిడుబ్రోలులో ఎక్కేవాడు. వాడెక్కాక అప్పటిదాకా ఉన్న నిశ్శబ్దం మళ్ళీ బాపట్లదాకా ఉండేది కాదు.

మాస్టారంటే పాఠాలు చెప్పే మాస్టారు కాదు. మా క్లాసువాడే. వాళ్ళ నాన్నగారికి తెనాలి బజారులో టైలరు షాపు ఉండేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు. బయట అతని తెలుగు మా అందరి తెలుగుకన్నా శుభ్రంగా ఉండేది. మేం ఆడే ఆటని నడిపేవాడు గనక అతన్ని మాస్టారన్నాం.

ఆ ఆటకి బల్లా లేదు, పేకా లేదు. ఒకడు కథ చెబుతాడు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషవుతారు. "మీ ముందు పాడుబడ్డ కోట ఉంది, ఏం చేస్తారు?" అని మాస్టారు అడుగుతాడు. మనం చేసేది చెప్పాలి. ఆ పని అవుతుందో లేదో పాచిక తేలుస్తుంది. హైదరాబాదులో ఉండే వాళ్ళ బావ ఆ ఆట పుస్తకం జిరాక్సు తీసి, ఇరవై ముఖాల పాచిక ఒకటి ఇచ్చాడట. బండి కుదుపులకి అది సీట్ల కింద పడి పోతుందని టిఫిన్ డబ్బా మూతలో వేసేవాళ్ళం. ఇనప చక్రాల మోతలో కూడా ఆ టకటక వినిపించేది.

మొదటి రోజే గొడవ మొదలైంది. ఆటలోకి రాగానే మనం ఏ జాతివాళ్ళమో చెప్పాలి. పుస్తకంలో రేస్ అని ఉన్నదాన్ని మాస్టారు జాతి అని తెలుగు చేశాడు. చేసి, పెట్టె అంతా వినపడేలా నిడుబ్రోలు వాణ్ణి అడిగాడు.

"చెప్పు, నీదే జాతి?"

ఎదురు సీట్లో పేపరు చదువుతున్న పెద్దాయన పేపరు దించి మమ్మల్ని చూశారు. తలకు తువ్వాలు చుట్టుకున్న ఇంకొకాయన జవాబు కోసం చెవి రిక్కించాడు.

"ముందు ఆ మాట మార్చు" అందామె తల వంచుకుని. "బళ్ళో, బస్సులో అడిగేది చాల్లేదా? ఇక్కడ కూడానా?"

మాస్టారి మొహం ఎర్రబడింది. "తప్పేనండి" అన్నాడు. తను కంగారుపడ్డప్పుడు తోటివాళ్ళలో ఆమెని ఒక్కదాన్నే అండీ అనేవాడు. చివరికి తెగ అన్న మాట దగ్గర అందరం ఒప్పుకున్నాం.

తెగలు నాలుగే. మనుషులు, అడవుల్లో ఉండే ఎల్ఫులు, కొండలు తవ్వుకునే మరుగుజ్జులు, నడుమెత్తు ఉండే అరమనుషులు. నేను పొట్టివాణ్ణి గనక మరుగుజ్జు నాకేనని నిడుబ్రోలు వాడు తీర్మానించాడు. నేను ఎల్ఫునవుతానన్నాను. పుస్తకంలో ఎల్ఫు బొమ్మ సన్నగా, నిటారుగా, చెవులు మొనదేలి, చేతిలో విల్లుతో ఉంది. ఆ బొమ్మని చూసిన క్షణం నుంచీ నాకు ఇంకేదీ అక్కర్లేకపోయింది.

నిడుబ్రోలు వాడు చాలాసేపు గొణిగాడు. "ఇంట్లో మనిషినే, కాలేజీలో మనిషినే. ఇక్కడ కూడా మనిషినేనంట్రా? ఎల్ఫేమో వాడు తీసుకున్నాడు, మిగతా రెండూ నా నడుం దాకా రావు. పోనీలే, అలవాటైన పని." అలా వాడు మనిషయ్యాడు.

ఆమె జిరాక్సు కాగితాలు చివరిదాకా తిప్పింది. మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"పెద్దవాళ్ళు లేరా? పెద్దగా, పొడుగ్గా ఉండేవాళ్ళు?"

"ఉన్నారు. కానీ వాళ్ళు రాక్షసులు. మనం వాళ్ళతో యుద్ధం చేయాలి. ఆడేవాళ్ళు వాళ్ళు కాకూడదు."

"పొడుగ్గా ఉన్నందుకు చంపేయాలా?"

ఆమె మా క్లాసు అమ్మాయిలందరికన్నా పొడుగు. మగపిల్లల్లో కూడా ఆమెకు సమంగా నిలబడేది ఒకరో ఇద్దరో. ప్లాట్‌ఫారం మీద ఆమె వస్తుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవాళ్ళు. ఆమె వినపడనట్టు నడిచేది. ఆ రోజు ఇంకేం వాదించలేదు. మనిషినే తీసుకుంది. సత్రంలో పనిచేసే అమ్మాయినంది.

కానీ ఆడలేదు. దొంగలొచ్చి మీద పడ్డారు, ఏం చేస్తావని మాస్టారు అడిగితే "నుంచుంటా" అనేది. వంతెన కూలుతోంది, ఏం చేస్తావంటే "నుంచుంటా." గుహలో నిధి కనపడింది, తీసుకుంటావా? "నుంచుంటా." కోపంగా కాదు, మర్యాదగానే అనేది. నిడుబ్రోలు వాడికి నవ్వాగేది కాదు. మాస్టారు మాత్రం రోజురోజుకీ చిక్కిపోయాడు. అతను అన్నం తింటూ కూడా ఆ కథే ఆలోచించేవాడు. అందులో ఒక మనిషి ఊరికే నిలబడి ఉండటం అతనికి ముద్ద దిగనివ్వలేదు.

కొన్ని వారాలు గడిచాక అతనే దిగొచ్చాడు. బండి చుండూరు దాటుతోంది.

"నేను కాదంటున్నది నీ మీద కోపంతో కాదు" అన్నాడు. "నా కథలో దేశం మొత్తం నా తలకాయలో ఉంటది. ఎల్ఫులేం తింటారో, మరుగుజ్జులు చనిపోయినవాళ్ళని ఏం చేస్తారో నాకు తెలుసు. నీ పెద్దవాళ్ళెవరో నాకు తెలీదు. తెలియనివాళ్ళని కథలోకి ఎట్టా తేవాలి?"

"నేను చెప్తే?"

"చెప్పు."

ఆమె ఆ పూటే మొదలుపెట్టింది. ఆమె మేనమామల ఊరు రేపల్లెకి దిగువన, సముద్రం దగ్గర. ఆ కథ అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. పెద్దవాళ్ళకి ఇళ్ళుండవంది. వాళ్ళు పట్టే ఇల్లు ఎవరు కడతారు? వాన వస్తే వానలోనే కూర్చుంటారు. నెమ్మదిగా మాట్లాడతారు, ఎందుకంటే గట్టిగా మాట్లాడితే కింద పిల్లలు జడుసుకుంటారు. పడవ ఇసకలో కూరుకుపోతే రెండు వేళ్ళతో ఎత్తి నీళ్ళలో పెడతారు. తుఫాను రోజున మాత్రం వాళ్ళంతా ఒడ్డున వరసగా, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటారు. అల వాళ్ళ వీపులకి తగిలి విరుగుతుంది. వెనక ఊళ్ళు నిద్రపోతాయి.

"ఊరి వైపు మొహం పెట్టి కూర్చుంటారా?" అడిగాను నేను.

"మరి? చూసుకోవద్దూ, అందరూ ఉన్నారో లేదో."

కిటికీ బయట పొలాలు పోతున్నాయి. నిడుబ్రోలు వాడు ఎక్కింది కూడా నేను గమనించలేదు. ఆమె అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కాలేజీలో ఏ పాఠం జరిగిందో నాకు తెలియదు.

మాస్టారు రెండు రోజులు ఆలోచించి తీర్పు చెప్పాడు. "సరే, ఒప్పుకుంటున్నా. ఒకప్పుడు పెద్దవాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు లేరు. నువ్వు ఆఖరిదానివి. కథకి బాగుంటది కూడా."

నేనూ, నిడుబ్రోలు వాడూ బాగుందన్నాం. నిజంగానే బాగుందనిపించింది. ఆమె మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఒక్కదాన్నే అయితే నాకొద్దు."

"అదేంటి? అడిగింది నువ్వే కదా!"

"ఒక్కళ్ళు కూర్చుంటే అల ఆగుద్దా?"

ఇక ఆ మాట అక్కడే ఆగిపోయింది. మరునాడు మళ్ళీ ఆమె సత్రం అమ్మాయి అయ్యింది, మళ్ళీ నుంచుంది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఆమెకి పెళ్ళిచూపులయ్యాయి. సోమవారం బండిలో తనే చెప్పింది. నిడుబ్రోలు వాడు ఇంకా ఎక్కలేదు.

"పెళ్ళికొడుకు పిన్ని నన్నూ అతన్నీ వీపులానించి నుంచోబెట్టింది. అందరి ముందూ. స్కేలు తెమ్మంది."

మాస్టారు పాచిక తీసి జేబులో వేసుకున్నాడు.

"తెచ్చారా?" అన్నాను. ఏమనాలో తెలియక అన్న మాట అది.

"తెచ్చారు. మా తమ్ముడు లెక్కల డబ్బాలోది." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "కోపం రాలేదు నాకు. ఆ గదిలో నా అంత ఎవరన్నా ఒక్కళ్ళుంటే బాగుండు అనిపించింది. అంతే. మా అమ్మయినా."

బండి మోదుకూరులో ఆగి మళ్ళీ కదిలింది. జామకాయలమ్మే ఆమె మా సీటు పక్కన గంప దించి ఊపిరి తీసుకుంటోంది. ఓదార్చడం నాకు చేతకాదు. నా ఎల్ఫు గుర్తొచ్చాడు. వారాల తరబడి ఆడి వాడికి వెండి విల్లు సంపాదించాను. చీకట్లో చూపు సంపాదించాను. వాడంటే నాకు ప్రాణం.

"మాస్టారూ, నేను మారతా" అన్నాను.

"ఏంటి?"

"ఎల్ఫు వద్దు. నేను కూడా పెద్దవాళ్ళలో చేరతా."

"నీ విల్లు? అన్నీ పోతాయిరా. మళ్ళీ మొదట్నుంచి ఆడాలి."

"ఆడతా."

ఆమె నన్ను చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ చూపుని తట్టుకునే ధైర్యం నాకు ఆ వయసులో లేదు.

నిడుబ్రోలులో ఎక్కినవాడికి సంగతి చెబితే పెట్టె దద్దరిల్లేలా నవ్వాడు. "నువ్వా? అరుగు ఎక్కితేగానీ కిటికీ అందదు నీకు, నువ్వు రాక్షసుడివా!" అన్నాడు. మమ్మల్నందరినీ చూసి వాడే తగ్గాడు. "నేను మాత్రం మారనురోయ్. మనిషిగానే ఉంటా. కాకపోతే నడవలేను, మీలో ఎవరో ఒకరు భుజం మీద ఎక్కించుకోండి."

"నేను ఎక్కించుకుంటాలే" అందామె. అప్పుడు నవ్వింది.

మాస్టారు ఇక తీర్పు చెప్పలేదు. మర్నాడు వాళ్ళ షాపులో బట్టలు చుట్టే ఖాకీ కాగితం ఒకటి పట్టుకొచ్చి మా మోకాళ్ళ మీద పరిచాడు. అతని దేశం పటం. అదివరకు మాకు చూపించినప్పుడు సముద్రం దగ్గర ఖాళీగా ఉండేది. ఇప్పుడా ఒడ్డు పొడుగునా చాక్ ముక్కతో మనుషుల్ని గీశాడు. అందరూ కూర్చునే ఉన్నారు.

"ఎంతమందున్నారు?" అడిగిందామె.

"లెక్కపెట్టలేదు. చాలామంది. మీ అమ్మా నాన్నా కూడా ఉన్నారు."

ఆమె ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టింది. చాక్ అంటుకున్నా తీయలేదు.

ఆ రోజు నుంచి ఆమె ఆటని పట్టడం ఎవరి తరమూ కాలేదు. అప్పికట్లలో బండి ఆగిపోతే సిగ్నలు ఇవ్వకపోతే బాగుండు అనుకునేవాళ్ళం. ఆమె కొండదారుల్లో పోట్లాడేది, రాజులతో బేరాలాడేది, మరుగుజ్జుల పెళ్ళికి వెళ్ళి తలుపు పట్టక వీధిలోనే కూర్చుని భోజనం చేసేది. నిడుబ్రోలు వాడు ఆమె భుజం మీదనుంచి అన్నిటికీ సలహాలిచ్చేవాడు.

తుఫాను కథ చివరి సంవత్సరం వానల్లో వచ్చింది. బయట కూడా వానే. చెక్క కిటికీలు దించేసి, మసక వెలుతురులో ఆడాం. ఆమే, నేనూ పెద్దవాళ్ళ వరసలో పక్కపక్కన కూర్చున్నాం. మొదటి అలకి నా పాచిక సరిగా పడలేదు. "నువ్వు కదిలిపోయావు, వరసలో సందు పడింది" అన్నాడు మాస్టారు. రెండో అలకీ పడలేదు.

"ఏం చేస్తావు?" అని ఆమెని అడిగాడు.

"చెయ్యి పట్టుకుంటా. ఇట్టా" అంది. అని, కథలో కాదు, అక్కడే, సీటు మీద ఉన్న నా చెయ్యి పట్టుకుంది. మాస్టారు పాచిక వేశాడు. ఎంత పడిందో నేను చూడలేదు. ఊరు మిగిలిందని మాత్రం చెప్పాడు.

చదువైపోయింది. ఆట మధ్యలోనే ఆగిపోయింది. మాస్టారు ఉద్యోగం వెతుక్కుంటూ కొన్నాళ్ళు హైదరాబాదులో ఉన్నాడు. నిడుబ్రోలు వాడు వాళ్ళ ఊళ్ళో మిల్లులో పనికి కుదిరాడు. నాకు బాపట్లలోనే ఒక కాలేజీ లాబులో పని దొరికింది. ఆమె రేపల్లెలో స్కూల్లో లెక్కలు చెప్పేది. పండక్కో పుట్టినరోజుకో ఫోను చేసుకునేవాళ్ళం. ఇంకో రెండు సంబంధాలు వచ్చి వెళ్ళాయని విన్నాను.

ఒక ఆదివారం పొద్దున తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. ఏదో పని మీద తెనాలి వచ్చి ఆమె తిరిగి వెళ్తోందని నాకు తెలుసు. ఎదురుగా కూర్చుని, చినరావూరు దాటాక అడిగాను. అనుకున్న మాటలేవీ రాలేదు.

"నేను నీ కన్నా పొట్టి" అన్నాను ముందు.

"తెలుసు."

"జనం నవ్వుతారు."

"ఇప్పుడు మాత్రం ఏడుస్తున్నారా?"

"మరి నన్ను చేసుకుంటావా?"

"మీ అమ్మగారేమంటారు?" అందామె.

"ఇంకా అడగలా. ముందు నిన్నడుగుదామని."

"ముందు నన్నే అడిగావా?" అంది. ఆ మాటకే ఆమె కళ్ళు తడిశాయి. ఎవరూ అప్పటిదాకా అలా అడగలేదట.

వేమూరులో బండి ఆగినప్పుడు వేరుశనక్కాయలు కొంది. రేపల్లె దాకా ఒలిచి నా చేతిలో పెడుతూనే ఉంది.

మా అమ్మ కొన్నాళ్ళు పక్కపక్కన నిలబడితే ఎట్టా ఉంటదిరా అని బెంగపడింది. వాళ్ళ నాన్న మా ఇంటి సంగతులన్నీ కనుక్కున్నారు. పెళ్ళి రేపల్లెలో జరిగింది. మాస్టారు వచ్చాడు, నిడుబ్రోలు వాడు ముందురోజే వచ్చి వంటవాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఫోటో తీసే అతను నా కోసం ముక్కాలిపీట తెప్పించాడు. "వద్దు బాబూ, తీసేయండి" అని ఆమే చెప్పింది.

మేం తెనాలిలో ఇల్లు తీసుకున్నాం. ఆటని మళ్ళీ మొదలుపెడదామని మాస్టారు వచ్చినప్పుడల్లా అనుకుంటాం. కూర్చుంటే కబుర్లతోనే పొద్దుపోతుంది.