పరుగుకు ఎంత పడింది

2023 వేసవి. సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజులు. బోట్లన్నీ ఒడ్డెక్కి ఉంటాయి, పల్లెల్లో మగవాళ్లకు చేతినిండా ఖాళీ. ఆ ఖాళీలోనే మా వైపు క్రికెట్ టోర్నమెంట్ పెడతారు. అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో, ఉప్పు తేలి పంటకు పనికిరాకుండా పోయిన పొలం ఒకటి ఉంది. దాన్ని చదును చేసి, సున్నంతో గీతలు గీసి, టెన్నిస్ బంతితో ఆడతారు. ఆరు టీములు. ఓనర్లు ఎక్కువగా రొయ్యల రైతులు. ఆడేవాళ్లు బోటు కూలీలు, చెరువుల దగ్గర కాపలావాళ్లు, ఆటో డ్రైవర్లు.

నేను పదో తరగతి దాకా చదివాను. చెరువుల లెక్కలు రాయడం మాత్రం ఎవరూ నేర్పలేదు, గట్ల మీద నేనే నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లుగా రొయ్యల రైతులకు లెక్కలు రాస్తున్నాను. మా పనిలో ఒక మాటుంది, ఎఫ్‌సీఆర్. కిలో రొయ్య తయారు కావడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే అంకె అది. ఒకటిన్నర లోపు ఉంటే రైతు నవ్వుతాడు. రెండు దాటితే ఆ చెరువు పేరెత్తడు. వేసవిలో టోర్నమెంటుకు స్కోరు రాసేదీ నేనే. అంకె తప్పు రాయనని జనానికి నమ్మకం. నాకు ఇంకా ఎక్కువ నమ్మకం.

ఆ ఏడు కొత్తగా వేలం పెట్టారు. టీవీలో చూసినట్టే ఒక్కో ఆటగాడి పేరు పిలవడం, ఓనర్లు పాట పెంచడం. ఎవరూ హద్దు దాటకుండా ఒక్కో టీముకు రెండు లక్షల పర్సు అన్నారు. ఆటగాళ్ల మీద అంతకు మించి ఖర్చు పెట్టకూడదు. మంచి ఆటగాడికి కూడా పదిహేను, ఇరవై వేలు పలికింది. దానియేలు పేరు వచ్చేసరికి మాత్రం ఇద్దరు ఓనర్లకు పంతం పట్టింది. దానియేలు బోటు కూలీ, ముప్పై ఏళ్లుంటాయి. అంతకు ముందు ఏడు ఒకే ఓవర్లో ఐదు సిక్సర్లు కొట్టినవాడు. చివరికి పెంచల్ రెడ్డి గారు అతన్ని ఎనభై వేలకు పాడుకున్నారు. ఆయన నాలుగు చెరువుల లెక్కలు రాసేది నేనే.

ఆ రోజు నుంచి టీ కొట్టు దగ్గర వేరే మాట లేదు.

"ఎనభై వేలా? ఆ దుడ్డుతో ఇద్దరు బౌలర్లు, ఒక కీపరు వచ్చేవాళ్లు."

"ఆయన దుడ్డు, ఆయనిష్టం. నీ జేబులోది పోయిందా?"

"పోకేంది! వచ్చే ఏడు నా తమ్ముడు కూడా యాభై అడగతాడు. మా ఓనరు యాడ తెస్తాడు? దుడ్డున్నోడే కప్పు కొనుక్కునేటట్టయితే ఇంక ఆట ఎందుకు?"

"అన్నా, నువ్వు చెప్పు," అని నన్ను అడిగారు. "లెక్కలోడివి కదా. గిట్టుబాటు అవుతాదా?"

నాలుగు మ్యాచులు కానివ్వండి, చెబుతానన్నాను.

నాలుగు మ్యాచుల్లో దానియేలు అరవై రెండు పరుగులు చేశాడు. టీ గ్లాసు పక్కన పెట్టి లెక్క వేశాను. పరుగుకు పన్నెండు వందల తొంభై రూపాయలు పడింది. అదే టీములో చెరువు కాపలా శీనయ్య ఉన్నాడు. పన్నెండు వేలకు వచ్చి నూట పద్దెనిమిది కొట్టాడు. అతని పరుగు నూట రెండు రూపాయలు.

"మనిషికి కూడా ఎఫ్‌సీఆర్ చూడాలి అబ్బయా," అన్నాను. "ఈ చెరువులో మేత దండగ."

కొట్టు కొట్టంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. అంతమంది నా మాటకు నవ్వడం నాకు అలవాటు లేదు. అది బాగుందనిపించింది. సాయంత్రానికి ఆ రెండు అంకెలూ, మేత దండగ అన్న మాటా టోర్నమెంటు వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్నాయి, కింద నా పేరుతో సహా.

ఐదో మ్యాచులో దానియేలు బ్యాటు పట్టుకుని వస్తుంటే గీత పక్కనుంచి ఎవడో అరిచాడు. "మేత దండగ!" ఇంకో పది గొంతులు అందుకున్నాయి. బంతి వృథా అయిన ప్రతిసారీ మైకు పట్టుకున్నవాడు "పన్నెండు వందల తొంభై... పన్నెండు వందల తొంభై..." అని పాట పాడినట్టు లాగాడు. దానియేలు రెండో ఓవర్లోనే బౌల్డయ్యాడు. తిరిగిపోతూ స్కోరు బల్ల ముందు ఒక్క క్షణం ఆగాడు. ఏమన్నా అంటాడనుకున్నాను. బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను అతని పేరు పక్కన నాలుగు పరుగులు వేసి, తల ఎత్తకుండా కూర్చున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే అతనూ భార్య సువార్తా మా ఇంటికి వచ్చారు. మాది ఒకే చర్చి. సువార్త స్త్రీల వరుసలో ముందు కూర్చుని పాట ఎత్తుకుంటుంది. చర్చి వరసకు నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది.

దానియేలు గడప దగ్గరే నిలబడ్డాడు. "అన్నా, నువ్వు రెడ్డితో ఒక మాట చెప్పాల. నీ మాటంటే ఆయనకు గురి."

"ఏమని?"

"మిగతా దుడ్డు ఇయ్యమని. మా బామ్మర్దీ నేనూ కలిసి పాత ఇంజిను ఒకటి బేరం చేసినాం, ఫైబర్ బోటుకి. వేట తెరిచే లోపల నా వంతు కట్టాల. లేకపోతే వాడు ఇంకోణ్ని కలుపుకుంటాడు. నేను మళ్లా కూలికే పోవాల."

"మిగతా అంటే ఎంత?"

"అరవై వేలు."

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. సువార్త అందుకుంది. "మా ఇంటికి వచ్చింది ఇరవై వేలే అన్నయ్యా. పాట అయిన రోజు ఇచ్చినాడు. మిగతాది కప్పు అయినాక అన్నాడు. ఊళ్లో ఆడోళ్లందరూ, ఎనభై వేలు యాడ దాచినావు మే, అని నన్ను అడగతా ఉండారు. నిన్న కొళాయి కాడ కూడా అదే మాట. నువ్వే కదా అన్నయ్యా లెక్క కట్టింది? నీకు తెలీదా?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నాకు తెలిసి ఉంటుందనుకుని అడిగింది. అందుకే అంత గట్టిగా తగిలింది.

ఎఫ్‌సీఆర్ కట్టేటప్పుడు మొదటి నియమం ఒకటుంది. ఆర్డరు పెట్టిన మేతను లెక్కలోకి తీసుకోకూడదు. షెడ్డులో ఉన్న బస్తాలనూ తీసుకోకూడదు. చెరువులో పడిన మేత మాత్రమే లెక్క. కొత్తగా పనిలో చేరినవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే. ఖాళీ బస్తాలు కళ్లతో చూస్తే తప్ప అంకె రాయను. ఒక మనిషి విషయానికి వచ్చేసరికి, వేలంలో వినబడిన పాటనే అతని చేతికి వచ్చిన డబ్బుగా వేసుకున్నాను. ఇరవై వేల మీద కడితే అతని పరుగు మూడు వందల పైచిల్లర. శీనయ్య కంటే ఖరీదే. కానీ ఊరు గుమికూడి అరిచేటంత కాదు.

ఆ మధ్యాహ్నమే పెంచల్ రెడ్డి గారి చెరువు దగ్గరికి వెళ్లాను. ఆయన గట్టు మీద నిలబడి చెక్ ట్రే చూస్తున్నారు. వేసిన మేతను రొయ్య తిన్నదో లేదో తెలుసుకోవడానికి నీళ్లలో దింపే పళ్లెం అది. విషయం చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"ఇయ్యనని ఎవరన్నారయ్యా? రొయ్యలు పట్టుబడి అయి అమ్మినాక కదా మనం ఎవురికైనా కట్టేది. మేత కొట్టోడికి ముందే కడతామా?"

"అది మేత కొట్టు సార్. ఇతను మనిషి."

"సరే, రొయ్య సంగతే చెప్పు. కిలోకి ఇన్ని రొయ్యలని చెప్పిన కౌంట్ రాకపోతే కొనేవాడు రేటు కోస్తాడా, లేదా? నాకూ కోసే హక్కుండాది." ఆయన ఫోను తీసి ఆ మెసేజ్ చూపించారు. "నువ్వే కదా రాసినావు, మేత దండగని. పన్నెండు వందల తొంభై. ఇంత చక్కగా లెక్క తీసినాక అరవై వేలు ఎట్టా ఇమ్మంటావు?"

ఆ అంకె తప్పని చెప్పాను. ఎందుకు తప్పో కూడా చెప్పాను. "నేను ఇవ్వంది నువ్వు కలిపినావు, అది నీ తప్పు," అని ఆయన నవ్వారు. ఆ తర్వాత నేను ఇంకా గట్టిగా అడగాల్సింది. పాట పాడిన మాట మాటే కదా సార్, అనాల్సింది. ఆయన నాలుగు చెరువుల లెక్కల మీద నా ఇల్లు గడుస్తుంది. చివరికి ఆయన ఇంకో పదివేలు ఇచ్చి, "దీంతో సరి, వాడితో చెప్పు," అన్నారు. ఆ పదివేలు తీసుకుపోయి దానియేలుకు ఇచ్చింది నేనే. అతను లెక్కపెట్టకుండా సువార్త చేతికిచ్చాడు.

టీ కొట్టుకు పోయి అందరి ముందూ చెప్పాను. అంకె తప్పు, అతనికి వచ్చింది ఇంతే, అన్నాను. ఒకరిద్దరు అయ్యో అన్నారు. మిగతావాళ్లకు రుచించలేదు. "ఏందన్నా, రెడ్డి కోప్పడినాడా? మొదటి లెక్కే బాగుండె," అన్నాడొకడు. గ్రూపులోనూ రాసి పెట్టాను. దాని కింద ఎవరో ఒక నవ్వే బొమ్మ పెట్టారు, అంతే. ఫైనల్లో మైకువాడు పాత అంకెనే పాడాడు.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల; ఎవరికైనా తప్పు చేసి దిద్దుకోనివాళ్లు ఆ రొట్టె ముట్టకూడదంటారు. రొట్టె పళ్లెం నా వరుసకు వచ్చినప్పుడు నేను తీసుకోలేదు, పక్కవాళ్లకు అందించాను. అటు వైపు సువార్త పాట ఎత్తుకోలేదు. ఇంకెవరో ఎత్తుకున్నారు.

వేట తెరిచారు. బావమరిది ఇంకొకణ్ని కలుపుకున్నాడు. దానియేలు వేరేవాళ్ల బోటులో కూలికి పోయాడు. ఇప్పటికీ పోతున్నాడు. మరుసటి వేసవి వేలానికి అతను పేరు ఇవ్వలేదు. పేర్లు రాసుకునే పని నాది కాబట్టి ఒడ్డుకు వెళ్లి అడిగాను. వల విదిలిస్తూ, మామూలుగానే మాట్లాడాడు.

"ఆడమంటే ఊరికే ఆడతా అన్నా. నా పేరు పక్కన రేటు మాత్రం వద్దు. రేటు చెప్పేటప్పుడు చప్పట్లు కొట్టినోళ్లే కదా, మళ్లా దాన్నే రాయి చేసి కొట్టింది."

రాయి అందించింది నేనని అనలేదు. అనకపోవడం అతని మర్యాద.

పెంచల్ రెడ్డి గారి లెక్కలు ఇప్పటికీ నేనే రాస్తున్నాను. మానేశానని రాయగలిగితే బాగుండేది. ఒక్కటి మాత్రం మారింది. ఆటగాళ్ల ధరల గురించి టీ కొట్టులో వాదన ఇప్పటికీ ప్రతి వేసవీ నడుస్తుంది, ఇప్పటికీ నన్నే అడుగుతారు. అడగ్గానే చెప్పను. ముందు ఆ ఆటగాడి దగ్గరికి వెళ్లి, నీ చేతికి ఎంత వచ్చింది నాయనా అని అడుగుతాను. చెప్పమంటావా వద్దా అని కూడా అడుగుతాను. చాలామంది వద్దంటారు. నేను తిరిగి వచ్చేసరికి టీ కొట్టు దగ్గర వాదన ఇంకో మాట మీదికి పోయి ఉంటుంది. నా అంకె కోసం ఎవరూ కాచుకుని ఉండరు. నేనూ నా టీ తాగి ఇంటికి వస్తాను.