మాచర్ల అడవిలో నేలమీద తిరిగే పిట్ట

నలభై ఏళ్ల కిందట శేషాచలమనే డ్రాయింగు మాస్టరు నాతో మాచర్ల అడవికి వచ్చి, నేను చూసిన పిట్టకు బొమ్మ వేసిపెడతానని మాట ఇచ్చాడు. బండి కట్టే వేళకు పత్తా లేడు. బొమ్మ లేదు గనుక నరసరావుపేట మిత్రులెవరూ నన్ను నమ్మలేదు. “నేలమీద తిరుగుతూ పాడేదాన్ని కోడిపుంజు అంటారండీ” అన్నాడొకడు. అది మొదలు నేను వీధిలో కనబడితే చాలు, ఎవడో ఒకడు కొక్కొరొకో అనేవాడు. చచ్చేలోగా ఆ పిట్టను సాక్షి ఎదుట మళ్లీ చూడాలని మొన్న తొలకరికి బయలుదేరాను.

యుద్ధం తెచ్చిన పెట్రోలు కరువుతో బస్సులు బొగ్గు గ్యాసు మీద నడుస్తున్నాయి, రైలే మేలు. సాయంత్రానికి మాచర్ల చేరి, సత్రంలో పడుకొని, తెల్లవారుజామున రానూపోనూ రెండు రూపాయలకు కోటయ్య బండి మాట్లాడుకొని ఎత్తిపోతల దారి పట్టాను. దారిలో నా కథంతా చెప్పాను.

“పిట్ట కోసరం ఇంత దూరమా పెద్దయ్యా? కూరకన్నా పనికొచ్చిద్దా?”

“చూడ్డానికి.”

“చూసి?”

“ముందు బండి పోనీవయ్యా.”

అడవి అంచున మరియమ్మ అనే ఆమె విస్తళ్లకు కోసిన మోదుగాకు కట్టలు కడుతోంది. నేను పొదలన్నీ వెతుకుతుంటే నవ్వింది.

“తాతా, ఆ కిర్రు చెప్పులతో తిరిగితే ఏం కనపడిద్ది? ఇప్పి కూసో. అదే వచ్చిద్ది.”

“దాని పేరేమిటమ్మా?”

“పేరు పెట్టి పిలవడానికి అదేమన్నా మా ఆడబిడ్డా?”

అరగంటకు ఎండుటాకులు కదిలాయి. పిచ్చుక కంటే కాస్త పెద్దది. వీపు మట్టిరంగు, నెత్తి కాస్త ఎరుపు, గొంతు సున్నం కొట్టినట్టు తెలుపు, రొమ్ము మీద గోధుమరంగు చారలు. పొన్నంగి పిట్టా నేలమీదే మేస్తుంది గానీ, అది రంగురంగులది, గెంతుతుంది. ఇది అడుగులో అడుగు వేసి నడుస్తుంది. ముక్కుతో ఆకులు తిరగేసి, పడిన కొమ్మ ఎక్కి, గొంతు దూదిలా ఉబ్బించి ఈల వేసింది.

“చూశావా కోటయ్యా?”

“చూశా పెద్దయ్యా. ఎవురడిగినా చెప్తా, కోడిపుంజు కాదు.”

మీరూ వెళ్లదలిస్తే తొలకరి తరువాత, ఎండెక్కకముందు వెళ్లండి. చెప్పులు బండిలోనే వదిలి, ఆకు కోసేవాళ్ల పక్కన కదలకుండా కూర్చోండి.

నన్ను చూసి కూసినవాళ్లలో ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ చెవుడు. బొమ్మ చూపిద్దామని ఇంటికొచ్చి నేనే వేశాను. అచ్చం కోడిపుంజులా వచ్చింది. దీనికి బాధ్యుడు శేషాచలం.