మూడు వాట్లు సరిపోని మనిషి

జపాన్‌లో మత్సుమోతో అనే మా ఊళ్ళో, నా క్షౌరశాల పక్కనే కురహషి కాఫీ కొట్టు. అక్కడ రికార్డు తిరుగుతున్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. కాఫీ కావాలన్నా వేలెత్తి చూపాల్సిందే. రోజంతా వాగే నాకు అది పెద్ద శిక్ష. అయినా వెళ్ళేవాణ్ణి, ఆ పాట అంత హాయిగా ఉండేది.

ఈమధ్య అదే పాట చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. పాతవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. ఎందుకో చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. లోపల మాట్లాడకూడదు, బయట అంటే ఆయన పరువు పోతుంది. మా ఊళ్ళో మర్యాద అలా ఏడుస్తుంది.

కురహషి మాత్రం నెపం ఆంప్లిఫయరు మీదకి నెట్టాడు. గాజు వాల్వుల పెట్టె, మూడు వాట్లది.

"దీనిలో పస లేదు, అందుకే జనం రావట్లేదు. ఆరు వాట్లది కొంటా."

"కొట్టు మూసేద్దామని మీరే అంటారు, కొత్తదీ మీరే కొంటానంటారు," అంది భార్య ఫుమియె.

"అదొస్తే మూసే పనే ఉండదు."

పాతది మొయ్యడానికి నన్ను టోక్యోలో కరెంటు సామాన్ల బజారు అకిహబరాకి లాక్కెళ్ళాడు. అక్కడ ఆంప్లిఫయర్ల దుకాణం నడిపే మొరియా అనే ఆవిడ దాన్ని తన గరాటు మూతుల పెద్ద హారన్ స్పీకర్లకి తగిలించింది. కురహషి కొట్లోవీ అలాంటివే.

"వాట్లు రెట్టింపైతే మోత రెట్టింపు కాదండీ. కాస్త పెరుగుతుందంతే. రెట్టింపు వినపడాలంటే పదింతలు కావాలి. అసలు ఇలాంటి స్పీకర్లకి ఒక్క వాట్ కూడా ఎక్కువే," అంటూ మోత పెంచే మీట కొంచెం తిప్పింది.

నేను చెవులు మూసుకున్నాను.

"ఇంకాస్త పెంచండి," అన్నాడు కురహషి.

ఆవిడ నా వంక చూసింది. ఇక ఉగ్గబట్టుకోలేకపోయాను.

"కురహషి గారూ, తప్పు పెట్టెది కాదు. మీ చెవులది. జనం పారిపోతున్నది మోత భరించలేక."

కోప్పడతాడనుకున్నాను. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, రైలు మా ఊరు చేరేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాటి నుంచి మీట ఫుమియె చేతికొచ్చింది. కబురు తెలిసి పాతవాళ్ళు మళ్ళీ రావడం మొదలెట్టారు. ఆ ఆదివారం కుర్చీలన్నీ నిండాయి. వయొలిన్ సన్నగా, నెమ్మదిగా సాగుతోంది. కురహషి లేచి, రికార్డు మీంచి ముల్లు ఎత్తబోయాడు.

ఫుమియె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఇంకా ఉంది," అంది, ఆయనకి వినపడేంత గట్టిగా.

ఎవరూ తల తిప్పలేదు. ఆయన కూర్చుని, పాట ఎప్పుడు అయిపోతుందో తెలుసుకోడానికి మా మొహాలే చూడసాగాడు.